ఓడలో కలిపిన తొక్కన్నం

అందరం బతికే ఉన్నాం కాబట్టి ఇది రాస్తున్నాను. ఎవరైనా పోయి ఉంటే నాకు ఈ ధైర్యం వచ్చేది కాదు. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుని, ఆ పాపం నాతోనే కట్టెల్లోకి తీసుకుపోయేదాన్ని.

నా పేరు అనసూయ. చేవెళ్లలో మాకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. మరిది శ్రీనుకు మొయినాబాదులో అదే వ్యాపారం. శ్రీను భార్య శోభ నా తోటికోడలు. ఆమె కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి పదహారేళ్లు ఒకే వంటింట్లో మసిలాం. తోటికోడళ్లంటే కత్తులు నూరుకోవాలని లోకం అనుకుంటుంది. మేమూ నూరుకున్నాం, కాని సాయంత్రానికి మళ్లీ ఒకే పళ్లెంలో తినేవాళ్లం. ఇళ్లు వేరయ్యాక కూడా ఆమెకు జ్వరం వస్తే ముందు నాకే ఫోను వచ్చేది, ఆ తరువాతే మొగుడికి.

మా వ్యాపారంలో ఒక అలవాటు ఉంది. చెప్పినంత సరుకు అమ్మిన దుకాణాల వాళ్లను కంపెనీ జంటలుగా ఎక్కడికైనా తిప్పుకొస్తుంది. ఒకసారి గోవా, ఒకసారి కేరళ. ఈసారి చెన్నై నుంచి పెద్ద ఓడ, నాలుగు రోజులు సముద్రం మీద. చేవెళ్ల, మొయినాబాదు, శంకర్‌పల్లి వాళ్లం కలిసి ఆరు జంటలం. అందరం కోమట్లమే, మాంసం ముట్టని వాళ్లమే. జట్టుకు పెద్ద మా ఆయన రాజేశం. శోభ నెల ముందు నుంచే నాలుగు కొత్త చీరలు తీసి పెట్టుకుంది. ముందటి ప్రయాణాలకు రాలేదు కనుక, పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు ఆమె.

ఓడ ఎక్కే రోజు పొద్దున్నే, చెన్నై లాడ్జిలో, నాకు రెండు వాంతులయ్యాయి. కడుపు కూడా రెండుసార్లు కదిలింది. పది గంటలకల్లా సర్దుకుంది. కాఫీ తాగాను, ఆగింది. మా ఆయనతో అన్నాను.

"రైల్ల తిన్న బజ్జీ పడనట్టున్నది."

"ఎవ్వరితోని అనకు. పోయేముందల ఇసొంటి మాటలు మంచిగుండయ్. ఇప్పుడు బాగనే ఉన్నవు గదా?"

బాగానే ఉన్నాను. అదే అన్నాను.

రేవులో అందరికీ ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ప్రశ్నలు. మా జట్టులో ఇంగ్లీషు గబగబా రాయగలిగింది మా ఆయనే కనుక పన్నెండు కాగితాలూ ఆయన ముందుకే వచ్చాయి. తొడ మీద సంచీ పెట్టుకుని, దాని మీద కాగితాలు పెట్టి వరసగా గీకుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. గడిచిన రెండు రోజుల్లో వాంతులు గాని విరేచనాలు గాని అయ్యాయా అని ఒక ప్రశ్న. నాకు ఇంగ్లీషు అంతగా రాదు గాని వాంతి అన్న మాట తెలుసు. పురుగుమందు డబ్బాల మీద రోజూ చూసే మాటే అది. నా కాగితంలో ఆయన 'లేదు' దగ్గర టిక్కు పెట్టి, తలెత్తకుండానే కింద సంతకం పెట్టమని నాకు పెన్ను ఇచ్చాడు. నేను పెట్టాను. ఆయన నన్ను అడగలేదు. అడిగినా నేను లేదనే అనేదాన్ని. ఆయన్ని ఒక్కణ్ణే నిలబెట్టి నేను పక్కకు తప్పుకోవాలని ఇది రాయడం లేదు.

ఓడలో భోజనాల హాలు మా ఫంక్షన్ హాళ్లు రెండు కలిపినంత ఉంది. గుమ్మం దగ్గర ఒకతను నిలబడి, చేతులు కడుక్కోండి అని నవ్వుతూ చెబుతూ, అరచేతుల్లో మందు పోస్తున్నాడు. పెండ్లిల పన్నీరు చల్లినట్టు చల్లుతుండు అని మావాళ్లు ఒకటే నవ్వు. లోపల శాకాహారం ఒక వరస, మాంసాహారం పక్క వరస. శంకర్‌పల్లి ఆవిడ గట్టిగా అన్నది, "గా మాంసం గంటె ఆడికెళ్లి తీసి ఈడ పెట్టిండు, నేను చూసిన." అంతే, పన్నెండు మంది పళ్లాలూ ఆగిపోయాయి.

ఇలాంటప్పుడు ఏం చేయాలో మాకు తెలుసు. ప్రతి ప్రయాణంలో చేసేదే. ఉత్త తెల్లన్నం పళ్లాల్లో పెట్టుకుని మా గదికి తెచ్చారు. నా సంచీలో మామిడికాయ తొక్కు, నెయ్యి సీసా, స్టీలు బేసిను ఉన్నాయి. అన్నం అంతా బేసిన్లో వేసి, చేత్తో కలిపి, ముద్దలు చేసి అందరి అరచేతుల్లో పెట్టాలి. అది పెద్ద కోడలి పని. నా చేతి కలుపుకు మా చుట్టాల్లో పేరుంది, ఆ పేరంటే నాకు గర్వం కూడా.

చేయి కడుక్కున్నాను. నీళ్లతోనే కడుక్కున్నాను. అన్నం కలిపే ముందు నేను సబ్బు ముట్టను, వాసన ముద్దకు పడుతుందని. మా అత్త నేర్పింది, నేను శోభకు నేర్పాను. పొద్దున లాడ్జిలో నాలుగుసార్లు లోపలికి వెళ్లి వచ్చిన చేయి అది. మాంసం గంటె తగిలిందని అంత పెద్ద వంటశాలను వదులుకున్న వాళ్లం, ఆ చేతి ముందు వరసగా కూర్చుని అరచేతులు చాచాం.

అందరూ ఒక్కో ముద్ద తిని, ఇంకో ముద్దకు కూర్చోకుండా డెక్కు మీదికి పరుగెత్తారు. శోభ కూర్చునే ఉంది.

"అక్క, ఇంకోటి పెట్టు. అడుగున నెయ్యి మంచిగున్నది."

బేసిను గీకి పెట్టాను.

రెండో రోజు మధ్యాహ్నం నాకు మళ్లీ మొదలైంది. ఈసారి లాడ్జిలో అయినట్టు కాదు. కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉంది. సాయంత్రానికి మా ఆయన పడ్డాడు. మూడో రోజు పొద్దుటికి మా జట్టులో తొమ్మిది మంది. ఓడ డాక్టరు మనుషులు మొహాలకు గుడ్డలు కట్టుకుని వచ్చి, ఎవరికి అయిందో అడిగి రాసుకుని, వాళ్లు గదుల్లోంచి కాలు బయట పెట్టకూడదని చెప్పి వెళ్లిపోయారు.

అన్నం గుమ్మంలో పెట్టి, రెండుసార్లు తలుపు తట్టి, మేము తెరిచేలోపు వెళ్లిపోయేవాళ్లు. మనిషి మొహం కనిపించేది కాదు. గదికి చిన్న గుండ్రటి కిటికీ, అందులో నీళ్లు పైకీ కిందికీ. ఆ నీళ్లను చూస్తే వాంతి, కళ్లు మూస్తే అంతకన్నా ఎక్కువ. ఒకటే బాత్రూం, ఇద్దరం మనుషులం. ముప్పయ్యేళ్ల కాపురంలో మొదటిసారి మా ఆయన్ని భుజంతో తోసి లోపలికి దూరి గడియ పెట్టుకున్నాను. బయట ఆయన తలుపు బాదుతూ మా పుట్టింటి వాళ్లందరినీ పేరు పేరునా తిట్టాడు. లోపల కూర్చుని నేను నవ్వాను. దయగా నవ్వలేదు. పట్టపగలు పరువంతా పోయిన మనిషిని చూస్తే వచ్చే నవ్వు, నా పరువూ అదే నేల మీద ఉందని తెలిసి కూడా.

గదులు తుడిచే ఆమె ఎవరో, ఏ దేశం మనిషో, తలుపు కింది నుంచి ఒక కాగితం తోసింది. మా భాష ఆమెకు రాదు, ఆమె భాష మాకు రాదు. బొమ్మ వేసింది. ఒక గ్లాసు, దాని మీద అడ్డంగా గీతలు, గీత గీతకూ పక్కన ఒక గడియారం. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తాగమని. గుమ్మంలో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి పొట్లాలు ఉన్నాయి. ఆ బొమ్మ ప్రకారమే తాగాను, కక్కినా మళ్లీ తాగాను. నేను లేచి కూర్చున్నది ఆ కాగితం పుణ్యమే.

అప్పుడే శోభ గదికి ఫోను చేశాను. జబ్బు పడ్డ వాళ్ల లెక్కలో ఆమె పేరు లేదు.

"శోభా, నీకెట్లున్నది?"

"నాక్కూడ అయితున్నది అక్క. చెప్పలే. చెప్తే గదిల ఏసి మూస్తరు. రేపు ఒడ్డు కనవడ్తదంట, జర చూడాలె. ఆయనకు బాగనే ఉన్నది, పైకి పోయిండు."

"నీళ్లు తాగుతున్నవా?"

"తాగుతే ఆగుతలేదు. అందుకే బంద్ పెట్టిన. బీపీ గోలీలు మటుకు మరువలే."

గ్లాసు బొమ్మ కాగితం నా ఒళ్లో ఉంది. ఫోను చేతిలో ఉంది. నాకు మళ్లీ కడుపు తిప్పుతోంది. త్వరగా పెట్టేయాలని, "మంచిది, పండుకో" అన్నాను. అంతే అన్నాను. చదివే వాళ్లకు నేను చెప్పగలిగిన జాగ్రత్త ఏదైనా ఉంటే అది ఈ రెండు మాటల్లో ఉంది. కడుపు పోయిన మనిషి నీళ్లు మానేశానంటే మంచిది అనకండి. అరిచి, తిట్టి, తలుపు పగలగొట్టయినా తాగించండి. నీళ్లు లేని ఒంట్లో ఆ బీపీ గోలీ కిడ్నీలను ఇంకా దెబ్బ తీయగలదట, వేసుకోవాలో మానాలో డాక్టరును అడగండి. మూస్తారని భయపడి దాచుకున్న మనిషి మీద జాలిపడి మీరూ దాచకండి.

నాలుగో రోజు ఓడ చెన్నై చేరింది. శోభ మొహం పీక్కుపోయి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. కొత్త చీరల్లో ఒకటి కట్టుకుంది, కుచ్చిళ్లు సరిగా పడలేదు. మెట్ల దగ్గర నిలబడలేక కూలబడింది. ముందు రోజు నుంచి ఒంటికి పోలేదని అప్పుడు చెప్పింది. చెన్నై దవాఖానలో కిడ్నీలు పని ఆపేశాయన్నారు. అక్కడ వారం ఉంచి, ఆ తరువాత గండిపేట అవతలి పెద్ద దవాఖానకు తెచ్చారు. జబ్బు పడ్డ మిగిలిన తొమ్మిది మందికీ వారంలో ఆకలి కూడా వచ్చేసింది.

ఆ తరువాత నా బతుకు డయాలసిస్ వార్డు బయటి కుర్చీలో గడిచింది. వారానికి మూడుసార్లు. శ్రీను దుకాణం వదలలేడు, కారు నడపడం నాకు వచ్చు. చేవెళ్లలో బయల్దేరి మొయినాబాదులో శోభను ఎక్కించుకుని తీసుకుపోవడం, నాలుగు గంటలు కూర్చోవడం, తీసుకురావడం. ఆ హాల్లో ఇనుప కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఒకరు ఏడిస్తే వరసంతా కదులుతుంది. నా పక్కన ప్రతిసారీ కూర్చునే ఒకాయన భార్యను లోపలికి పంపి బయట పేకాట వీడియోలు చూసేవాడు. ఆయన్ని చూసి అసహ్యించుకున్నాను. తరువాత ఒకరోజు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, తరువాతి వారమూ ఖాళీగానే ఉంది. నేనైతే అడగలేదు.

చూడటానికి వచ్చిన మావాళ్లందరూ ఒకే పాట. ఓడ తిండి, ఓడ నీళ్లు, మాంసం గంటెలు. మా ఆయన కంపెనీకి ఫిర్యాదు రాస్తానని జట్టు అందరి సంతకాలు తీసుకున్నాడు. శంకర్‌పల్లి ఆవిడ నా భుజం తట్టి మరీ అన్నది.

"నీ చేతి ముద్దొక్కటే మంచిగుండె అనసూయ. మూడు పూటలు నువ్వే కలిపి పెడితే గిట్ల కాకపోవు."

నేను నవ్వాను. ఇంకేం చేయను? శోభ ఇంకా ఘోరం. చెయ్యికి సూదులతో, మిషను గిర్రున తిరుగుతుంటే, నా వైపు మొహం తిప్పి అడిగేది.

"అక్క, గిది అయినంక నీ చేతి తొక్కన్నం ఒక్క ముద్ద పెడ్తవా? డాక్టరు ఉప్పొద్దన్నడు. దొంగతనంగ పెట్టు."

ఆ మాట విన్నప్పుడల్లా బయటికి వచ్చి గోడకు ఆనుకునేదాన్ని. ఏడుపు రాదు. నా మీద నాకు కోపం వస్తే ఏడుపొచ్చేది, కాని అప్పటికి నాకు భయం ఒక్కటే ఉంది, తెలిసిపోతుందేమోనని. ఆమె కిడ్నీలు తిరిగి పని చేస్తాయా లేదా అన్న భయం కన్నా అది పెద్దగా ఉండేది. ఇంత హీనంగా ఉంటుంది మనిషి. నా గురించి నేను చెప్పుకుంటున్నాను.

ఆ వార్డులో నర్సు సలోమిది మా చేవెళ్ల పక్కన ఆలూరు. వాళ్ల బాపు క్యారెట్ విత్తనం మా దుకాణంలోనే కొంటాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. వాళ్ల ఇంటి ముందు నుంచి వందసార్లు పోయినా నేను ఏనాడూ గ్లాసెడు నీళ్లు తాగి ఎరగను, వాళ్లూ ఇవ్వబోలేదు, ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఒకరోజు గోడకు ఆనుకుని ఉన్న నన్ను చూసి, తన ఫ్లాస్కులోంచి తన కప్పులోనే టీ పోసి ఇచ్చింది. తాగాను. ఆమె ఏదో రాసుకునే కాగితం చూస్తూ, మామూలుగా అడిగింది.

"అమ్మా, మీ జట్టుల ఫస్ట్ ఎవరికొచ్చింది? రాజేశం సారు ఓడ ఎక్కినంకనే అందరికి ఒక్కతీరుగ వచ్చిందని చెప్పిండు."

"నాకొచ్చింది," అన్నాను. "ఎక్కకముందే వచ్చింది." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. లాడ్జి, కాగితం, సంతకం, సబ్బు, రెండో ముద్ద, మంచిది పండుకో, అన్నీ చెప్పేశాను.

సలోమి నా చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుని ఫ్లాస్కుకు బిగించింది. చీదరించుకోలేదు, ఊరడించనూ లేదు.

"నాకు చెప్తే నేనేం జేస్త అమ్మా? రాసుకుంట. మీ చేతికెళ్లే అందరికి అంటింది అనుకోవచ్చు, ఓడల ఇంకెవరికన్నా ముందే ఉండెనేమో, అది ఇప్పుడు ఎవ్వరు తేల్చలేరు. కని మీకు తెలిసింది లోపలున్నామెకు తెలుస్తలేదు గదా."

అప్పటికి ఓడ దిగి యాభై రోజులు దాటింది. ఇంటికి వచ్చి మా ఆయనతో శోభకు చెబుతానన్నాను. అన్నం తింటున్న వాడు చెయ్యి ఆపాడు.

"నీకు పిచ్చి లేశిందా? నీ సంతకం, నా రాత. పదిమంది మొహం మీద ఉమ్ముతరు. నువ్ చెప్తే దాని కిడ్నీలు వాపసొస్తయా?"

రావు. అయినా తరువాతిసారి తీసుకుపోయినప్పుడు చెప్పాను. డయాలసిస్ అయి, శోభ కారులో నా పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుంటే చెప్పాను. తాళంచెవి తిప్పలేదు. మొదట్నుంచీ చివరి దాకా ఎక్కడా తగ్గించకుండా చెప్పాను. చెప్పి, గుండె తేలికై, సిగ్గులేకుండా ఒక పెద్ద ఊపిరి కూడా వదిలాను. శోభ ఆ ఊపిరి విన్నది.

"మంచిగున్నదా ఇప్పుడు?" అని అడిగింది.

నేను తాళంచెవి మీద చెయ్యి వేశాను.

"ఇన్నొద్దులు ఓడను తిట్టుకుంట పండుకున్న అక్క. ఎవ్వలో తెల్వని వంటోన్ని తిడితే జర నిద్ర వస్తుండె. ఓడ ఏడనో ఉన్నది, ఎంత తిట్టినా దానికేమైతది? ఇగ నిన్ను తిట్టుకోవాలె. నిన్ను తిట్టుకుంట నీ కారులనే ఎల్లుండి మల్ల రావాలె. శ్రీనుకు చెప్తే అన్నదమ్ములు కొట్లాడుకుంటరు, చెప్పకపోతే నేను కుమిలి సావాలె. నువ్వు దించుకున్నవ్. తెచ్చి నా నెత్తి మీద పెట్టినవ్. నేనేడ దించుకోవాలె, చెప్పు?"

ఆమె గొంతు పెంచలేదు. బెల్టు తీసి, దిగి, వెనక సీట్లో కూర్చుంది.

గండిపేట దాటాం, మొయినాబాదు వచ్చింది. ఇంటి ముందు దిగుతూ కిటికీ దగ్గరికి వంగి ఒకే మాట అన్నది. "మిగిలినోళ్లకు నువ్వే చెప్పు. నా నోటికెళ్లి రానియ్యకు."

చెప్పాను. ముందు శ్రీనుకు, ఆ తరువాత ఫోను చేసి ఒక్కొక్కరికీ. ఫిర్యాదు కాగితం మీద సంతకాలు వెనక్కి తీసుకోమన్నాను. శ్రీను అన్న గడప తొక్కడం మానేశాడు. శంకర్‌పల్లి ఆవిడ ఫోను మధ్యలోనే పెట్టేసింది. మా ఆయన నాతో పనుంటేనే మాట్లాడుతున్నాడు. మా ఇంట్లో వ్రతానికి వచ్చిన చుట్టాలు ప్రసాదం చేతిలోకి తీసుకుని, నేను అటు తిరగగానే కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లారు. నోటితో చెప్పలేక మిగిల్చినవి రాస్తున్నాను, ఓడ ఎక్కబోయే వాళ్లెవరైనా చదువుతారని కూడా. కాగితంలో అడిగిన దానికి నిజం రాయండి. ప్రయాణం పోతే పోతుంది.

శోభకు ఇప్పుడు వారానికి రెండుసార్లు చాలంటున్నారు. పూర్తిగా మానేస్తారో లేదో ఆర్నెల్లు ఆగితే గాని తెలియదంటున్నారు. ఇప్పటికీ నేనే తీసుకుపోతున్నాను, వేరే దారి లేక ఆమె ఎక్కుతోంది. వెనకే కూర్చుంటుంది. మొన్న గండిపేట దగ్గర బండ్లన్నీ ఆగిపోతే, చాలాసేపటికి, "ఏసీ జర తగ్గియ్యి" అన్నది. తగ్గించాను.

శోభ నన్ను క్షమించిందా అని సలోమి ఒకసారి అడిగింది. నాకు తెలియదు. నేను క్షమించమని అడగలేదు, అడగను. ఒంట్లో రక్తం మిషను కడిగి పెడితే బతుకుతున్న మనిషి ఆమె. నన్ను క్షమించే పని కూడా ఆమెకే అప్పజెప్పలేను.